రెండు డైమండ్లంటే ఆఠీన్లట! కంప్యూటర్ పార్ట్‌నర్‌తో నెగ్గుకొచ్చినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?

పెన్న_గట్టు (నెల్లూరు), రాత్రి 9:12

అందరికీ నమస్కారం. బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను. ఇరవై ఏళ్లకు పైగా క్లబ్బులో బ్రిడ్జి ఆడాను. ఎప్పుడూ ఒకే జోడీ. ఆయన పోయిన సంక్రాంతికి కొడుకు దగ్గరికని హైదరాబాదు వెళ్లి, అక్కడే ఉండిపోయాడు. మిగిలినవాళ్లు రమ్మీ బల్ల వైపు జరిగిపోయారు. నా బాధ చూడలేక మనవరాలు ఫోన్‌లో ఒక బ్రిడ్జి యాప్ ఎక్కించింది. ఎదురుగా కంప్యూటరే, అటూ ఇటూ కంప్యూటర్లే. మనిషిని నేనొక్కణ్ణే.

నిన్న రాత్రి జరిగింది చెప్తాను, తప్పు ఎవరిదో మీరే తేల్చండి. పార్ట్‌నర్ ఒక నో ట్రంప్ (తురుపు లేకుండా ఆడదామని) పాడాడు. నా చెయ్యి ఇది:

ఇస్పేట్లు 8, 3
ఆఠీన్లు 9, 4
డైమండ్లు రాణి, జాకీ, 9, 7, 6, 2
కళావర్లు 8, 5, 3

రాణికి రెండు, జాకీకి ఒకటి, మొత్తం మూడు పాయింట్లు. డైమండ్లు ఆరున్నాయి కాబట్టి రెండు డైమండ్లు పాడాను. 'నా దగ్గర ఏమీ లేదు, డైమండ్లు తురుపు చేసుకుని ఇక్కడే ఆగుదాం' అని దాని అర్థం. మా క్లబ్బులో పసిపిల్లాడికి కూడా తెలుసు. వీడు రెండు ఆఠీన్లు అన్నాడు. వినపడలేదేమోనని మూడు డైమండ్లు అన్నాను. నాలుగు ఆఠీన్లు అన్నాడు. నాకు చెమట పట్టింది. ఐదు డైమండ్లు అన్నాను. ఆరు ఆఠీన్లు అన్నాడు! పక్కవాడు 'మీకు రాదు, పందెం రెట్టింపు' అని డబుల్ కొట్టాడు. తురుపు వాడి దగ్గర మూడు ముక్కలు, నా దగ్గర రెండు. పన్నెండు పట్లు చెయ్యాల్సిన చోట ఆరు వచ్చాయి. ఆరు డౌన్, 1400 పోయింది.

ఈ కంప్యూటర్‌కి బ్రిడ్జి వచ్చా?

ఏరేటర్_మోత (కొత్తపట్నం), రాత్రి 9:31

బాబాయ్, నవ్వినందుకు క్షమించు. రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని చదువుతున్నా, నా నవ్వుకి కాపలా కుక్క లేచింది. పోయినేడు ఇదే చెయ్యి, ఇదే దెబ్బ. నేనైతే నాలుగు ఆఠీన్ల దగ్గరే ఫోన్ మూసేశా.

బిట్రగుంట_అమ్మాయి, రాత్రి 9:50

పెద్దాయనా, మీ పార్ట్‌నర్ వినకపోవడం కాదు, చాలా శ్రద్ధగా విన్నాడు. అదే చిక్కు.

ఒక నో ట్రంప్ మీద రెండు డైమండ్లు పాడితే 'నా దగ్గర ఆఠీన్లు ఐదో అంతకన్నా ఎక్కువో ఉన్నాయి, నువ్వు రెండు ఆఠీన్లు పాడు' అని అర్థం. దీన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. రెండు ఆఠీన్లు పాడితే ఇస్పేట్లు ఉన్నట్టు. ఆస్వాల్డ్ జాకబీ 1950ల్లో దీన్ని అమెరికాలో ప్రచారంలోకి తెచ్చాడు. వేలం గెలిచి ఆడేవాడి పార్ట్‌నర్ తన ముక్కలు అందరికీ కనబడేలా బల్ల మీద పరచాలి కదా. ఇందులో లాభం ఏమిటంటే, నో ట్రంప్ పాడిన బలమైన చెయ్యి బల్ల మీద పరుచుకోకుండా దాగి ఉంటుంది. బల్ల మీదకి బలహీనమైన చెయ్యి వస్తుంది. మొదటి ముక్క బలమైన చేతి వైపుకే వచ్చి పడుతుంది.

ఇప్పుడు మీ వేలం వాడి చెవితో వినండి. రెండు డైమండ్లు: ఆఠీన్లు ఐదు. మూడు డైమండ్లు: ఆఠీన్లతో పాటు డైమండ్లు కూడా నాలుగు, గేమ్‌కి (బోనస్ వచ్చే కాంట్రాక్టుకి) సరిపడా బలం. వాడి దగ్గర ఆఠీన్లు మూడున్నాయి, అందుకని సంతోషంగా నాలుగు ఆఠీన్లు అన్నాడు. అక్కడ మీరు ఊరుకోకుండా ఐదు డైమండ్లు అంటే 'స్లామ్ (పన్నెండు పట్లు) మీద ఆశ ఉంది, డైమండ్లలో పట్టుంది' అని విన్నాడు. మూడు పాయింట్ల చేత్తో మీరు పదహారు పాయింట్ల కథ చెప్పారు. ఆ కథ వాడు నమ్మాడు.

మా నాన్న రైల్వేలో చేసేవారు. క్వార్టర్స్‌లో సాయంత్రం నాలుగు కుర్చీలు వేసుకుని ఆడేవాళ్లు. వాళ్లకీ ట్రాన్స్‌ఫర్లు లేవు. రైల్వేవాళ్లకి ట్రాన్స్‌ఫర్ అనే మాటే గిట్టదు మరి.

పెన్న_గట్టు, రాత్రి 10:05

అమ్మా, బాగా చెప్పావు. మరి డైమండ్లు నిజంగా ఉన్నవాడు ఏం చెయ్యాలి? నోరు మూసుకోవాలా?

బిట్రగుంట_అమ్మాయి, రాత్రి 10:11

చాలాసార్లు నోరు మూసుకోవడమే మేలు. ఎక్కువమంది ఆడే ప్రామాణిక అమెరికన్ పద్ధతిలో అయితే రెండు ఇస్పేట్లు పాడాలి. పార్ట్‌నర్ విధిగా మూడు కళావర్లు అంటాడు. మీరు మూడు డైమండ్లకి మారుస్తారు, వాడు పాస్. కానీ ఈ ఒక్క కాల్ మాత్రం యాప్‌కి యాప్‌కి తేడా ఉంటుంది. చాలా యాప్‌లలో కాల్ మీద వేలు నొక్కి పట్టుకుంటే దాని అర్థం పైన కనబడుతుంది. పాడే ముందు ఒకసారి నొక్కి చూడండి. వాడు పాడింది కూడా నొక్కి చూడొచ్చు.

టంగుటూరు_బేరన్, రాత్రి 10:20

నాకు పేకాట రాదు. వేలంపాట అని కనబడితే పొగాకు సంగతేమో అని లోపలికొచ్చా. మా వేలం కేంద్రంలో కిలోకి ఇంత అని పలికితే అంతే. డైమండ్లు అని ఆఠీన్లు ఇచ్చే వేలం ఏందబ్బా ఇది?

మాష్టారు_ఒంగోలు, రాత్రి 10:48

టంగుటూరు తమ్ముడి ప్రశ్న చిన్నదేం కాదు, కాస్త ఆగి చెప్తాను.

మీ పొగాకు వేలంలో పలికిన అంకె ధర. దాంట్లో దాచిన మాట ఉండదు. బ్రిడ్జిలో ఒక్కో ఆటగాడికి పదమూడు ముక్కలు, ఎదురెదురు ఇద్దరూ ఒక జట్టు. 'రెండు డైమండ్లు' అంటే పైకి అర్థం, ఆరుకి రెండు కలిపి ఎనిమిది పట్లు చేస్తాం, డైమండ్లే తురుపు అని. కానీ ఎదుటివాడి ముక్కలు మనకి కనబడవు, నోటితో చెప్పడానికి లేదు. ఒక కళావరు నుంచి ఏడు నో ట్రంప్ దాకా ఉన్నవి 35 కాల్స్, ఇంకా పాస్, డబుల్, రీడబుల్. మొత్తం 38 మాటల భాష. అన్ని రకాల చేతుల్నీ ఈ కాసిని మాటల్లో చెప్పాలి. అందుకని ఒక్కో మాటకి ఇద్దరూ ముందే ఒక అర్థం అనుకుంటారు. ఆ ఒప్పందం కుదరకపోతే ఒకడు ఉప్పు అడిగితే ఇంకొకడు నిప్పు తెస్తాడు.

పెన్నగట్టు గారూ, మీరు నేర్చుకున్నది గోరెన్ పద్ధతి అయి ఉంటుంది. మన వైపు పాత క్లబ్బుల్లో చాలామందికి అదే పునాది. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 అని లెక్కపెట్టడాన్ని ఇంటింటికీ చేర్చినవాడు చార్లెస్ గోరెన్. ఆయన లెక్కలో ఒక నో ట్రంప్ అంటే 16 నుంచి 18. మీ యాప్‌లో 15 నుంచి 17 ఉండొచ్చు. ఒక్క పాయింటే కదా అనుకోకండి, గేమ్ అంచుల్లో ఆ ఒక్క పాయింటే ముంచుతుంది.

టంగుటూరు_బేరన్, రాత్రి 10:55

అర్థమైంది మాష్టారూ. అయితే ఇది వేలం కాదు, పెళ్లిచూపులు.

కావలి_కోడర్, రాత్రి 11:30

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్, ఊరు కావలి. లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తే కోపం తగ్గుతుంది.

మీరు కాల్ నొక్కగానే ప్రోగ్రామ్ దానికి ఒక వాక్యం తగిలిస్తుంది: పాయింట్లు ఇన్ని నుంచి ఇన్ని, ఫలానా సూట్‌లో కనీసం ఇన్ని ముక్కలు. తర్వాత ఆ వాక్యాలకి సరిపడేలా, కనబడని ముక్కల్ని తనలో తానే కలిపి మళ్లీ మళ్లీ పంచుకుంటుంది. ప్రతి పంపకంలోనూ నాలుగు చేతులూ తెరిచిపెట్టి ఆడితే ఎన్ని పట్లు వస్తాయో లెక్కేస్తుంది. ఎక్కువ పంపకాల్లో లాభం తెచ్చిన కాల్‌ని పాడుతుంది. 1998, 1999ల్లో కంప్యూటర్ బ్రిడ్జి ప్రపంచ పోటీ గెలిచిన జిబ్ ఈ దారిలోనే నడిచింది. దాన్ని రాసినవాడు మాథ్యూ గిన్స్‌బర్గ్.

ఇప్పుడు బాబాయ్ చెయ్యి చూడండి. 'ఆఠీన్లు ఐదు' అనే వాక్యం పడిపోయింది. ఆ తర్వాత అది పంచుకున్న ప్రతి పంపకంలోనూ బాబాయ్ దగ్గర ఆఠీన్లు ఐదు ఉన్నాయి. రెండు ఉన్న పంపకం ఒక్కటి కూడా దాని లెక్కలోకి రాలేదు. మనిషైతే 'ఈయన పొరపాటున పాడాడేమో' అని ఒక్క క్షణమైనా అనుమానపడతాడు. దానికి ఆ అనుమానం రాదు. మన మొదటి అబద్ధాన్ని పునాదిగా వేసుకుని మేడ కడుతుంది.

ఇంకో సంగతి. 2022లో పారిస్‌లో నూక్ అనే ప్రోగ్రామ్ ఎనిమిదిమంది ప్రపంచ ఛాంపియన్లతో పోటీపడి 80 సెట్లలో 67 గెలిచింది. పేపర్లలో పెద్దగా వచ్చింది. అయితే ఆ పోటీలో వేలమే లేదు. అన్ని ఆటలూ మూడు నో ట్రంప్ కాంట్రాక్టే, ముక్కలు ఆడటం వరకే పోటీ. వేలంపాటని పక్కన పెట్టాకే మనుషుల్ని గెలిచిందన్నమాట. బాబాయ్, మీకు కొంచెం ఊరట.

ఏరేటర్_మోత, రాత్రి 11:52

నా గోడు కూడా వినండి. కుడిపక్కవాడు ఒక ఆఠీను పాడాడు. నా చేతిలో ఆఠీన్లు రాజు, రాణి, జాకీ, 9, 4. పండగే అనుకుని డబుల్ కొట్టా. నా పార్ట్‌నర్ దాన్ని తీసేసి ఒక ఇస్పేటు పాడాడు. నాకు ఇస్పేటు ఒకటే. వాళ్లు డబుల్ కొట్టారు, నాలుగు డౌన్. అప్పటికే కరెంటు పోయింది, జనరేటర్ వెయ్యాలి, ఇటు రొయ్యలు, అటు ఇస్పేట్లు!

బిట్రగుంట_అమ్మాయి, ఉదయం 6:40

అన్నా, వేలం మొదట్లో కొట్టే డబుల్ కొట్టడానికి కాదు. 'వాళ్ల సూట్ నాకు తక్కువ, మిగతా మూడూ ఉన్నాయి, నువ్వు ఏదో ఒకటి పాడు' అని అడగడం అది. నువ్వు అడిగావు, పాపం వాడు పాడాడు. ఆఠీన్లు అంత బాగున్నప్పుడు పాస్ చేసి గుంటనక్కలా కూర్చోవాలి. నీ ఎడమపక్కవాడు కూడా పాస్ చేసి వేలం నీ పార్ట్‌నర్ దాకా వస్తే వాడే డబుల్ అనొచ్చు. అప్పుడు నువ్వు మళ్లీ పాస్ చేస్తే అదే వాళ్లకి దెబ్బ.

ఉదయగిరి_కోట, ఉదయం 8:15

అందరూ కంప్యూటర్‌ని వెనకేసుకొస్తున్నారు. నాకు కుదరదు. నా యాప్‌లో ఒక కాల్ నొక్కి చూస్తే 'ఇస్పేట్లు నాలుగు లేదా ఎక్కువ' అని రాసుంది. బల్ల మీద పరిచాక చూస్తే మూడే. ఒక్కసారి కాదు, నాలుగైదు సార్లు. రాసిచ్చిన మాట తప్పితే ఇంకేం ఒప్పందం?

కావలి_కోడర్, ఉదయం 9:02

మీరన్నది నిజం, అన్నా. చాలా ప్రోగ్రామ్‌లలో కాల్స్‌ని ముందు నియమాలే ఎంచుతాయి. కొన్ని చోట్ల మాత్రం పంపకాల లెక్క అడ్డొచ్చి 'నియమం అట్టా ఉన్నా ఇక్కడ ఇది లాభం' అని వేరే కాల్ ఎంచుతుంది. పైన కనబడే అర్థం మాత్రం నియమం నుంచే వస్తుంది. మన మాట అది తు.చ. తప్పకుండా నమ్ముతుంది గానీ, తన మాట మీద తానే నిలబడదు. ఇది దాని లోపమే, నేను వెనకేసుకురాను.

మాష్టారు_ఒంగోలు, ఉదయం 9:20

మనుషుల్లో లేరా అట్టాంటివాళ్లు?

పెన్న_గట్టు, రాత్రి 8:45

పొద్దుటినుంచి పాడే ప్రతిదీ నొక్కి చూసి ఆడాను. ట్రాన్స్‌ఫర్ చక్కగా పనిచేసింది, ఆ విషయంలో ఒప్పుకుంటున్నా. మధ్యాహ్నం ఇంకో గొయ్యి తగిలింది. ఇస్పేట్లు తురుపుగా కుదిరాయి. నా దగ్గర ఒక ఆసు. ఆసులెన్ని అని నాలుగు నో ట్రంప్ పాడాను. వాడు ఐదు డైమండ్లు అన్నాడు. ఐదు డైమండ్లంటే ఒక ఆసు. ఇద్దరివీ కలిపి రెండే, స్లామ్ రాదని ఐదు ఇస్పేట్ల దగ్గర ఆపేశాను. బల్ల మీద పరిస్తే వాడి చేతిలో రెండు ఆసులు, ఇస్పేటు రాజు. పన్నెండు పట్లు సునాయాసంగా వచ్చాయి. దీన్ని నేను నొక్కి చూడలేదు. నాలుగు నో ట్రంప్ కూడా మారిపోయిందా అమ్మా? ఇంకేం మిగిలింది?

బిట్రగుంట_అమ్మాయి, రాత్రి 9:00

మారింది. మీరు ఆడింది ఈస్లీ బ్లాక్‌వుడ్ 1933లో కనిపెట్టిన పాత పద్ధతి. ఇప్పుడు తురుపు రాజుని కూడా ఆసుతో సమానంగా లెక్కేసి, మొత్తం ఐదు 'కీ' ముక్కలు అంటారు. మీ యాప్ ఆడే పద్ధతిలో ఐదు కళావర్లంటే ఒకటి లేదా నాలుగు, ఐదు డైమండ్లంటే సున్నా లేదా మూడు అయి ఉండాలి. కొన్ని యాప్‌లలో ఈ రెండూ తారుమారు. అందుకే నొక్కి చూడమన్నది.

ఇంకోటి ఇప్పుడే చెప్తాను, లేకపోతే రేపు ఇదే చర్చలో కలుస్తాం. పార్ట్‌నర్ ఒక నో ట్రంప్ పాడాక మీరు నేరుగా నాలుగు నో ట్రంప్ అంటే అది ఆసులు అడగడం కాదు. 'నీ బలం ఎక్కువ వైపు ఉంటే ఆరు పాడు, తక్కువైతే ఆగు' అని. ఆసులు అడగాలంటే అక్కడ నాలుగు కళావర్లు పాడాలి, దాన్ని గెర్బర్ అంటారు.

పెన్న_గట్టు, రాత్రి 9:07

అదీ ఐపోయిందమ్మా. పోయిన శుక్రవారం. పాస్ చేశాడు. చెప్పుకోవడానికి సిగ్గేసి ఊరుకున్నా.

పెన్న_గట్టు, రాత్రి 10:15

ఇప్పుడే హైదరాబాదుకి ఫోన్ చేసి మా జోడీతో మాట్లాడాను. 'నాలుగు నో ట్రంప్‌కి ఇన్ని అర్థాలున్నాయంట కదా, మనకి ఇరవై ఏళ్లలో ఎప్పుడూ గొడవ రాలేదు, ఎట్టా ఆడాం రా' అని అడిగాను. వాడు పకపకా నవ్వాడు. 'ఆసులు అడిగేటప్పుడు నువ్వు కళ్లజోడు తీసి తుడుచుకుంటావు. ఊరికే బలం చెప్పేటప్పుడు తుడవవు. నీ కాల్స్‌ని నేనెప్పుడు విన్నాను రా, నీ మొహమే చూసేవాణ్ణి' అన్నాడు.

కళ్లజోడు తుడుస్తానని నాకే తెలియదు. మా ఆవిడని అడిగితే, వంకాయల బేరమాడేటప్పుడు కూడా తుడుస్తానంది.

ఉదయగిరి_కోట, రాత్రి 10:30

పెద్దవారు, ఏమనుకోవద్దు. దీన్ని మోసం అంటారు. డూప్లికేట్ బ్రిడ్జి నిబంధనల్లో 16వది చూడండి. పార్ట్‌నర్ మొహం, తడబాటు, గొంతు, వీటిలో తెలిసినదాన్ని బట్టి ఆడకూడదు. 1975 బెర్ముడా బౌల్‌లో (బ్రిడ్జి ప్రపంచ జట్ల పోటీ) పార్ట్‌నర్లు ఒకరికొకరు కనబడకుండా బల్ల మీద మొదటిసారి తెరలు కట్టారు. అదే పోటీలో ఇద్దరు బల్ల కింద కాళ్లతో తట్టుకుంటున్నారని గొడవైంది. తర్వాత బల్ల కింద కూడా అడ్డం పెట్టాల్సి వచ్చింది.

పెన్న_గట్టు, రాత్రి 10:36

సామీ, తెలిసి చెయ్యలేదు. మా బల్ల మీద తెర కాదు గదా, ఫ్యాన్ కూడా సరిగా తిరిగేది కాదు.

మాష్టారు_ఒంగోలు, రాత్రి 10:50

కోట గారు చెప్పింది నిబంధన ప్రకారం నూటికి నూరుపాళ్లు సరే. పాయింట్లు రాసుకునే పోటీలో అయితే తప్పే. కానీ సాయంత్రం టీ కప్పు పక్కన పెట్టుకుని ఆడే ఆటలో అన్నేళ్లు ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు మొహాలు చూసుకోకుండా ఎట్టా ఉంటారు? చూసినా చూడనట్టు ఆడమంటుంది నిబంధన. అది మన చేతనయ్యే పనేనా అని నాకెప్పుడూ అనుమానం.

పెన్నగట్టు గారూ, మీకొక ఉపాయం. చాలా యాప్‌లలో ఎదుటి కుర్చీలో మనిషిని కూర్చోబెట్టుకుని, ప్రత్యర్థుల చోట మాత్రం కంప్యూటర్లని పెట్టుకోవచ్చు. మీ జోడీని పిలవండి. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మనవాళ్లకి బ్రిడ్జి పురుషుల జంటల్లో బంగారు పతకం వచ్చినప్పుడు ప్రణబ్ బర్ధన్ గారికి అరవై ఏళ్లు, శిబ్‌నాథ్ సర్కార్ గారికి యాభై ఆరు. మీ ఇద్దరికీ ఇంకా టైముంది.

ఏరేటర్_మోత, రాత్రి 11:10

ఆడండి బాబాయ్. ఏమైందో వచ్చి చెప్పాలి, నాకు తెల్లారేదాకా కాపలా ఉంది.

పెన్న_గట్టు, మర్నాడు రాత్రి 9:40

ఆడాం. మనవరాలు ఇక్కడ, వాడి మనవడు అక్కడ, ఇద్దరూ కలిసి గంట కష్టపడి బల్ల కుదిర్చారు.

మొదటి చేతిలోనే వాడు ఒక నో ట్రంప్ పాడాడు. నాకు ఆఠీన్లు ఐదు, ఏడు పాయింట్లు. ఇప్పుడు నేను చదువుకున్నవాణ్ణి కదా, దర్జాగా రెండు డైమండ్లు పాడాను. ట్రాన్స్‌ఫర్. రెండు ఆఠీన్లు వస్తాయని చూస్తున్నాను. ఎంతసేపటికీ రాలేదు. తర్వాత తెర మీద 'పాస్' అని పడింది.

వెంటనే ఫోన్ చేశాను. 'పాస్ చేశావేంది రా' అంటే, 'నువ్వు రెండు డైమండ్లన్నావు. ఇన్నేళ్లుగా నువ్వు డైమండ్లంటే డైమండ్లే కదరా' అన్నాడు.

డైమండ్లు నా దగ్గర రెండు, వాడి దగ్గర మూడు. నాలుగు డౌన్.

టంగుటూరు_బేరన్, రాత్రి 9:44

పెళ్లి చెడిందా?

పెన్న_గట్టు, రాత్రి 9:58

లేదు తమ్ముడూ, రేపు ఎనిమిదింటికి మళ్లీ కూర్చుంటున్నాం. ఈ చర్చ లింకు పంపి చదవమన్నాను. 'అంత చదవలేను, వీడియో కాల్ పెట్టుకుని ఆడదాం, కళ్లజోడు పెట్టుకో' అన్నాడు. కోట గారూ, మీరు ఇది చదవనట్టే ఉండండి.